స్త్రీపర్వంలో రెండు లెక్కలు

తిక్కన మావాడని నెల్లూరు వాళ్ళం గర్వంగా చెప్పుకుంటాం. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ, విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేసిన మనిషి. కీచకవధ తెలియని తెలుగు విద్యార్థి ఉండడు. ఆ 15 పర్వాల్లోనే ఒకటైన స్త్రీపర్వం సంగతి అడిగితే మాత్రం ఎం.ఎ. తెలుగు చదివినవాళ్ళు కూడా ‘గాంధారి ఏడుస్తుంది, కరుణరసం’ అని ఊరుకుంటారు. నా పరిశోధన రోజుల్లో దొరికిన వ్యాసాలు కూడా చాలావరకు అంతే. నాకు మొదటినుంచీ ఆ ‘కరుణరసం’ అన్న మాటతోనే పేచీ. యుద్ధంలో ఏం పోయిందో, ఎవరివల్ల పోయిందో పేరుపేరునా చెప్తున్న ఒక ఆడమనిషి మాటల్ని రసం కింద జమ కట్టేస్తే, ఇక వాటికి సాక్ష్యం విలువ ఎక్కడుంటుంది? చదివి కళ్ళు తుడుచుకుంటాం, పేజీ తిప్పుతాం.

యుద్ధనష్టాన్ని అంచనా వేసేది ఎవరు, ఏ పట్టికలో రాస్తారు, ఆడవాళ్ళమీద జరిగిన హింసకి ఆ పట్టికలో ఒక గడి అయినా ఉంటుందా అన్నవి ఇవాళ ప్రపంచమంతా నలుగుతున్న ప్రశ్నలు. 2000లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానం చేసినప్పటినుంచీ ఈ మాటలు అధికార భాషలోకి కూడా వచ్చాయి. ఆ ప్రశ్నలు పట్టుకుని స్త్రీపర్వంలోకి వెళ్తే అక్కడ ఒకటి కాదు, రెండు లెక్కలు కనిపిస్తాయి.

మొదటిది ధర్మరాజు చెప్పిన లెక్క. యుద్ధం అయిపోయింది. ధృతరాష్ట్రుడు అడుగుతాడు, ఎంతమంది చనిపోయారని. వ్యాసుడి సంస్కృత మూలంలో ధర్మరాజు తడుముకోకుండా జవాబు చెప్తాడు: 166 కోట్ల 20 వేలమంది. కనబడకుండా పోయినవాళ్ళు 24,165 మంది. ఆ చివరి 165 చూడండి. కోట్లకి కోట్లు గుండుగుత్తగా చెప్పిన మనిషి అక్కడ ఒక్కొక్కరినీ లెక్కపెట్టినట్టు చెప్తాడు. ఇది అచ్చంగా ప్రభుత్వ నివేదిక రాసే పద్ధతి. అంకె ఎంత ఖచ్చితంగా ఉంటే అంత నమ్మకం పుడుతుంది. ఆ అంకెలో పేర్లుండవు. కర్తలు కూడా ఉండరు. చెప్తున్నవాడు గెలిచినవాడు, ఆ చావుల్లో సగానికి బాధ్యుడు. వింటున్నవాడు మిగతా సగానికి బాధ్యుడు. ఇద్దరూ కలిసి మొత్తం తేల్చుకున్నాక దహనాలకి ఏర్పాట్లు జరుగుతాయి.

రెండోది గాంధారి లెక్క. అది ధర్మరాజు అంకెకంటే ముందే వస్తుంది, ఎంతోసేపు సాగుతుంది. వ్యాసుడిచ్చిన చూపుతో ఆమె యుద్ధభూమిని చూస్తూ కృష్ణుడికి చెప్తుంది. చూడు కృష్ణా, వీడు నా కొడుకు. చూడు, ఆ పిల్ల ఉత్తర. ఆరు నెలల కాపురం చేసి ఏడో నెలలో భర్తని పోగొట్టుకుంది. చూడు, నా కూతురు దుస్సల మొగుడి తల కోసం వెతుక్కుంటోంది. భూరిశ్రవసుడి భార్య తెగిపడిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. ఈ వరుసలో చనిపోయిన ప్రతి మగవాడి పక్కనా బతికున్న ఒక ఆడది ఉంటుంది. ఏం పోయిందో చెప్పడానికి గాంధారి శవంతో ఆగదు, శవం పక్కన మిగిలిన మనిషిని చూపిస్తుంది. నష్టాన్ని మిగిలినవాళ్ళ వైపునుంచి కొలవాలన్న మాట ఈనాటి విపత్తుశాస్త్రం ఎన్నో సదస్సులు పెట్టుకుని నేర్చుకుంది.

అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. దుశ్శాసనుడి శవం దగ్గరికి వచ్చినప్పుడు గాంధారి జూదసభని గుర్తు చేసుకుంటుంది. ద్రౌపదితో వాడు ఏం మాట్లాడాడో, ఆ రోజు తను దుర్యోధనుడికి ఏం చెప్పిందో చెప్తుంది. కన్నకొడుకు శవం ముందు నిలబడి, వాడు ఒక ఆడదానికి చేసిన అన్యాయాన్ని యుద్ధం ఖాతాలో రాసిన తల్లి ఆమె. అంతకుముందే, 5గురు కొడుకుల్నీ పోగొట్టుకున్న ద్రౌపది తన దగ్గరికి వస్తే, నువ్వెలాగో నేనూ అలాగే, ఈ వంశం నా తప్పువల్లే నాశనమైందంటుంది. ధర్మరాజు అంకెలో ఇందులో ఒక్క ముక్క కూడా పట్టదు. స్త్రీమీద జరిగిన హింస యుద్ధనష్టంలో భాగమన్న మాట భారతంలో గాంధారి లెక్కలోనే ఉంది. ఆఖరున ఆమె బాధ్యత కూడా తేలుస్తుంది. ఆపగలిగి ఉండీ ఆపలేదు కాబట్టి 36వ ఏట నీ వాళ్ళూ ఇలాగే పోతారు, మీ ఆడవాళ్ళూ ఇలాగే ఏడుస్తారని కృష్ణుణ్ణి శపిస్తుంది. మన పండితులు దీన్ని శోకంలో నోరు జారిన మాటగా సర్దిచెప్తూ వచ్చారు. నాకైతే అది విచారణ ముగిశాక వచ్చిన తీర్పులా వినిపిస్తుంది. శిక్ష మళ్ళీ ఆడవాళ్ళమీదే పడేట్టు ఇచ్చిందే అన్న బాధ మాత్రం ఉంది.

లెక్కలు అయిపోయాయనుకున్నాక, తర్పణాలు వదులుతున్నప్పుడు, కుంతి నోరు విప్పుతుంది. కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్ళు వదలమంటుంది. కన్నెగా ఉన్నప్పుడు, వద్దన్నా వినని ఒక దేవుడివల్ల కలిగిన బిడ్డ. లోకానికి భయపడి నీళ్ళలో వదిలిన బిడ్డ. యుద్ధంలో ఆమెకి పోయిన కొడుకు ఏ జాబితాలోనూ తన కొడుకుగా లేడు. ఆమె ఆ నష్టాన్ని నమోదు చేయించుకోవడానికి వచ్చింది, గడువు దాటాక వచ్చింది. ధర్మరాజు ఏం చేశాడు? శాంతిపర్వం మొదట్లో, ఇకమీదట ఆడవాళ్ళు రహస్యం దాచలేకపోదురుగాక అని లోకంలోని స్త్రీలందరినీ శపించాడు. ‘ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు’ అని ఇప్పటికీ మనల్ని ఎగతాళి చేసే సామెతకి జనం చెప్పే కథ ఇదే. ఎంత తిరకాసు చూడండి. అన్నేళ్ళు నోరు మూసుకోవాల్సి రావడం ఆమె నష్టం. నోరు విప్పడం ఆమె నేరం. అత్యాచారం జరిగిన ఎన్నేళ్ళకో బయటపెట్టిన స్త్రీని ‘ఇన్నాళ్ళూ ఏం చేశావ’ని అడిగే గొంతులో నాకు ఈ ధర్మరాజే వినిపిస్తాడు.

ఇక్కడనుంచి వెనక్కి, అందరికీ తెలిసిన విరాటపర్వానికి వెళ్దాం. తిక్కన భారతం మొదలైంది అక్కడే. కీచకుడి కన్ను పడిందని సైరంధ్రి చెప్పినా వినకుండా, సుధేష్ణ ఆమెని మద్యం తెమ్మని అతని ఇంటికే పంపుతుంది. ఆడవాళ్ళ రక్షణ గురించి మాట్లాడేటప్పుడు ఈ ‘పంపించడం’ మీద ఎవరూ ఎక్కువ మాట్లాడరు. పనిచేసే చోట, పై అధికారి ఇంట్లోని ఆడదాని చేతులమీదుగా జరిగిన ఏర్పాటు అది. సైరంధ్రి తప్పించుకుని సభలోకి పరిగెత్తుకొస్తుంది. అందరూ చూస్తుండగా కీచకుడు తంతాడు. రాజు ఏమంటాడు? మూలంలో విరాటుడి మాట ఇది: మీ ఇద్దరి మధ్యా నా చాటున ఏం జరిగిందో నాకు తెలియదు, నిజం తెలియకుండా నేనేం చెయ్యగలను? తన్నింది కళ్ళముందే. అయినా చాటున జరిగిన దాని గురించి తెలియదంటాడు. కంకుభట్టు వేషంలో ఉన్న మొగుడేమో నటిలా ఇక్కడ ఏడవకు, లోపలికి వెళ్ళమంటాడు. నాటకీయత, పాత్రపోషణ అంటూ ఈ ఘట్టాన్ని మెచ్చుకున్న విమర్శ మనకి కొండంత ఉంది. అది కాదనను, ద్రౌపది జవాబులో తిక్కన చూపిన పదును చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. అయితే కీచకుడు చచ్చాక ఏం జరిగిందో ఆ విమర్శ పట్టించుకోలేదు. ఉపకీచకులు ఆమెని శవంతోపాటు తగలబెట్టడానికి ఈడ్చుకుపోయారు. వాళ్ళూ చచ్చాక ఊరు భయపడి, ఈమెని పంపించెయ్యమని రాజుకి చెప్పింది. రాజు సుధేష్ణకి చెప్పాడు. ఆమె 13 రోజులు గడువు అడుక్కోవాల్సొచ్చింది. హింసకి గురైన మనిషే ఊరికి ప్రమాదమైపోయింది.

‘నా చాటున జరిగింది నాకు తెలియదు’ అన్న విరాటుడి వాక్యం పాతబడలేదు. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ స్త్రీలు గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమమీద అత్యాచారం చేశారని చెప్పారు. ప్రభుత్వం తనమీద యుద్ధం జరుగుతోందని చెప్పుకున్న ప్రాంతం అది. దాదాపు 16 ఏళ్ళకి, 2023 ఏప్రిల్‌లో, విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు నిందితుల్ని వదిలేసింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని తనే అన్నది, ఆ స్త్రీలకి పరిహారం ఇవ్వాలనీ చెప్పింది. సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి నాకు ముందు వాక్యనిర్మాణమే కనిపిస్తుంది. నష్టం ఉంది, పరిహారం ఉంది, క్రియ చేసిన కర్త లేడు. కర్మణి ప్రయోగం తెలుగుకి సహజం కాదని వ్యాకరణం క్లాసులో చెప్తారు. మన న్యాయానికి మాత్రం అదే మాతృభాష అయింది.

కువైట్ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. కడప, నెల్లూరు, చిత్తూరు, గోదావరి జిల్లాలనుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళే మన ఆడవాళ్ళకి అది పరాయి దేశం కాదు. 1990 ఆగస్టులో ఇరాక్ దాడి చేశాక, 1991లో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘాన్ని పెట్టింది. దాదాపు 27 లక్షల దరఖాస్తులు, 5,240 కోట్ల డాలర్లు, చివరి చెల్లింపు 2022లో. ఆ సంఘం నిజంగానే కొంత మంచి చేసింది. కంపెనీలకంటే ముందు మామూలు మనుషుల దరఖాస్తులు చూసింది. దేశం వదిలి పారిపోవాల్సొచ్చినందుకు ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, మరే వర్గంలోనూ అడగనంటే 4,000 డాలర్లు అని స్థిరమొత్తం పెట్టింది. తీవ్రమైన శరీరగాయం అన్న వర్గంలో లైంగిక దాడిని కూడా చేర్చింది. కాగితం మీద ఇది పెద్ద అడుగే. కాకపోతే దరఖాస్తు ప్రభుత్వం ద్వారానే పోవాలి. యజమాని ఇంట్లోనో, పారిపోతున్న దారిలోనో తనకి జరిగింది ఆ పనిమనిషి ముందు ఎవరికి చెప్పాలి? గుమాస్తాకి. ఆ కాగితం నింపిపెట్టే ఊరి చదువుకున్న మగవాడికి. మొగుడికి తెలియకుండా ఎలా చెప్పాలి? పారిపోయి వచ్చానని రాసుకుంటే డబ్బొస్తుంది, పరువుంటుంది. గడి ఉండటం వేరు, అందులో రాయగలిగే స్థితి ఉండటం వేరు. 2023లో యుక్రెయిన్ కోసం ఐరోపా మండలి తెరిచిన నష్టాల రిజిస్టరులోనూ లైంగిక హింసకి ఒక వర్గం పెట్టారు. ఇళ్ళ నష్టాన్నయితే ఉపగ్రహం ఫొటోల్లోంచే అంచనా కట్టేస్తున్నారు, గాజాలోనూ అంతే. ఆకాశంనుంచి చూస్తే కప్పులు కనిపిస్తాయి.

మా తీరానికి వస్తాను. యుద్ధం లేని చోట కూడా ఈ లెక్కల రాజకీయం ఎలా నడుస్తుందో ఇక్కడ కళ్ళారా చూశాను. ఆడవాళ్ళు పెట్టే శోకాలు సేకరించడానికి మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా పట్టపుపాళేలు కొన్ని తిరిగాను. చావు ఇంట శోకం పెట్టేటప్పుడు పోయిన మనిషి గుణాలతోపాటు తీరని అప్పు, పెళ్ళికాని కూతురు, తాకట్టులోని కమ్మలు అన్నీ వరుసగా వస్తాయి. గాంధారి పద్ధతే. 2004 డిసెంబరు 26 ఆదివారం నాటి సునామీ గురించి అడిగితే ఒక అవ్వ అదే వరుసలో చెప్పింది. ఇసకమీద ఎండేసిన చేపలు, ఉప్పులో వేసినవి రెండు తొట్లు, మూడు తట్టలు, చీటీ ఎత్తి పెట్టుకున్న డబ్బులు. ‘‘ఆయప్పలొచ్చి పడవ ఉండాదా, వల ఉండాదా అని అడిగినారు. తట్ట సంగతి ఎవురూ అడగలా పాపా’’ అంది. అందులో దుఃఖం కూడా లేదు, ఒట్టి సమాచారం చెప్పినట్టు చెప్పింది.

ఆయప్పలు అడగకపోవడానికి కారణం వాళ్ళ రాతి గుండె కాదు. వాళ్ళ చేతిలోని ఫారం. విపత్తు సహాయం నిబంధనల్లో మత్స్యకారుల కింద పడవలు, వలలు, చేపల పెంపకం క్షేత్రాలు ఉంటాయి. సముద్రంలోకి వెళ్ళేవాడే మత్స్యకారుడు. ఒడ్డుకొచ్చిన చేపని వేలంలో కొని, తలకెత్తుకుని, బస్సువాడితో తగువు పడి, ఊళ్ళో అమ్మి, మిగిలింది ఎండబెట్టి ఇల్లు నడిపే మనిషికి ఆ భాషలో పేరే లేదు. ఊరి కట్టుబాటు కూడా ఇలాంటిదే. దురాయి వేసే ఊరి పెద్దల్లో ఆడవాళ్ళు కూర్చోరు. బయటనుంచి సహాయం వస్తే పంపకం మాట్లాడేది ఆ పెద్దలే. ఇంకా కిందికి పోతే, 1969లో శ్రీహరికోటని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక దీవి వదలాల్సొచ్చిన యానాదులున్నారు. అడవిలో దుంపలు, తేనె, వాగులో చేప వాళ్ళ ఆడవాళ్ళ చేతి బతుకు. పట్టాలేని బతుక్కి ఏ కాలంలోనూ వెల కట్టలేదు.

మా జిల్లా చెప్పుకునే పాత యుద్ధకథ ఒకటుంది. పుల్లరి తగువులో కాటమరాజు మీదికి వెళ్ళిన ఖడ్గతిక్కన వెనక్కి తిరిగొస్తే, భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపుముద్ద ఉంచిందనీ, తల్లి విరిగిన పాలు పోసిందనీ, అతను సిగ్గుపడి మళ్ళీ పోయి ప్రాణాలిచ్చాడనీ చెప్తారు. జరిగిందో లేదో గానీ ఏడొందల ఏళ్ళుగా మురిసిపోతూ చెప్పుకుంటున్నాం. యుద్ధకథలో ఆడవాళ్ళకిచ్చిన మాట అంతే, మగవాణ్ణి చావుకి పంపే మాట. ఆ తర్వాత ఆ ఇద్దరూ ఎలా బతికారో ఏ చాటువూ చెప్పదు.

ఆ మాటని తిరగరాసింది కూడా ఈ జిల్లా ఆడవాళ్ళే. కలిగిరి మండలం దూబగుంట సముద్రానికి దూరం, మెట్ట ఊరు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాటలు 1992 నాటికి సారా అంగళ్ళు మూయించే దాకా వచ్చాయి. ఆ పోరాటాన్ని నైతిక ఉద్యమమనీ, కుటుంబాన్ని కాపాడుకునే ఉద్యమమనీ రాశారు. నాకు అందులో ఆడవాళ్ళు తమకు తామే చేసుకున్న నష్టం అంచనా కనిపిస్తుంది. కూలి ఎంత, అందులో సారాకి పోయింది ఎంత, రాత్రి తిన్న దెబ్బలు ఎన్ని. దెబ్బల్ని కూలితో కలిపి ఒకే లెక్కలో వేశారు. ఇంట్లో హింస ఒక శీర్షిక, ఆర్థికం ఇంకో శీర్షిక అని విడదీసే పద్ధతి వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, అదృష్టం. ప్రభుత్వం దగ్గర ఎదురు లెక్క ఉంది, ఆబ్కారీ ఆదాయం. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. సడలించేటప్పుడు బల్లమీద ఉన్నది ఖజానా నష్టమే. నిషేధం ఉన్న రోజుల్లో తినకుండా తప్పిన దెబ్బల్ని ఎవరూ బల్లమీదికి తేలేదు.

గాంధారిని ఇంత మెచ్చుకున్నాక ఒకటి చెప్పకపోతే న్యాయం కాదు. ఆమె చూపు కూడా రాజుల దగ్గరే ఆగుతుంది. ఆమె చూపించిన స్త్రీలందరూ రాణులు, ఆచార్యుల భార్యలు. 166 కోట్లమందిలో మిగిలినవాళ్ళ భార్యలు ఏ పాళెంలో కూర్చుని శోకం పెట్టారో ఆమెకీ తెలియదు. దిక్కులేని శవాల్ని విదురుడూ మిగతావాళ్ళూ పోగులుగా పెట్టి కాల్చారు, అంతే. స్త్రీపర్వం అని పేరు పెట్టుకున్న పర్వంలో కూడా అందరు స్త్రీలూ లేరు. దళిత, బహుజన రచయిత్రులు మనల్ని ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్న ఇదే కదా.

ధర్మరాజు అంకెలో నన్ను ఇప్పటికీ వదలనిది ఆ 24,165. చచ్చినవాళ్ళు ఏయే లోకాలకి వెళ్ళారని ధృతరాష్ట్రుడు అడిగాడు, ధర్మరాజు వివరంగా చెప్పాడు. కనబడకుండా పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏమవుతుందని ఇద్దరూ మాట్లాడుకోలేదు. పాళేల్లో ఇలాంటి ఇళ్ళు ఉంటాయి. వేటకి పోయిన మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. చట్టం ప్రకారం ఏడేళ్ళు కబురు లేకపోతేనే చనిపోయినట్టు భావిస్తారు. అందాకా మరణపత్రం రాదు, అదిలేక వితంతు పింఛను రాదు, బీమా రాదు, పడవలో వాటా ఎవరిదో తేలదు. ఊళ్ళో పేరంటానికి పిలవాలో వద్దో ఎవరికీ తెలియదు. ఆమె పొద్దున్నే తట్ట ఎత్తుకుని వేలానికి వస్తుంది, బొట్టు పెట్టుకునే వస్తుంది.